గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రం మూతిన సూది దిగే రబ్బరు బిళ్ల, మహారాజశ్రీ సెప్టమ్ గారి దివ్యసముఖానికి

అయ్యా,

నిన్న మధ్యాహ్నం వరి కాండం తొలుచు పురుగు శాంపిల్లో తమరు వేసిన పీకులు (గ్రాఫులో లేచే శిఖరాలు) అందాయి. ఆడపురుగు ఫెరమోన్ (మగపురుగును పిలిచే వాసన) కాబోలని మురిసేలోపే మాస్ స్పెక్ట్రమ్‌లో, అంటే అణువు ముక్కల బరువుల పట్టికలో, 73, 147, 221, 281, 355 వరుసగా నిలబడ్డాయి. అంటే సైలోక్సేన్. అంటే తమరి ఒంటి రబ్బరు.

ఆ శాంపిల్ ఖరీదు తమకు తెలుసా? అనకాపల్లి వైపు పొలాల్లో దుబ్బులు చీల్చి ప్యూపాలు ఏరాలి. మగ తగలని ఆడపురుగులు రాత్రి కాలింగ్‌కి, అంటే ఆ వాసన వదలడానికి, వచ్చేదాకా కాసుకోవాలి. పొట్ట కొసన గ్రంథి కోసి 10-20 మైక్రోలీటర్ల హెక్సేన్‌లో నానబెడితే దక్కేది నానోగ్రాములు. అందులో జెడ్11-16, జెడ్9-16 ఆల్డిహైడ్‌లు అనే రెండు ఫెరమోన్ పదార్థాలు 3:1 పాళ్లలో ఉంటాయి. మామూలు డీబీ-5 కాలమ్ (పదార్థాలను విడదీసే సన్నటి గొట్టం) మీద ఆ రెండూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే వస్తాయి, వాక్స్ కాలమ్ వేస్తేగాని విడవు. వాటి నెత్తిన తమరూ ఎక్కితే పాళ్లు ఏం లెక్కగడతాం? పాళ్లు తప్పిన ఎర పెడితే లింగాకర్షక బుట్ట ఖాళీ, పొలం నిండా తెల్లకంకులు.

ప్లాస్టిక్ టిప్పు 149 దగ్గర థాలేట్ అనే ప్లాస్టిక్ రసాయనం వదులుతుంది, పోనీ. విశాఖలో కరెంటు పోతే వాక్యూమ్ మళ్లీ పట్టేసరికి తెల్లారుతుంది, అదీ పోనీ. కాలమ్ బ్లీడ్ (కాలమ్ లోపలి పూత ఊడిరావడం) అయినా గ్రాఫు అడుగుగీతతో పాటు మర్యాదగా పైకి లేస్తుంది. నువ్వు మాత్రం శాంపిల్ లేని బ్లాంక్‌లోనూ పీకులు పెడతావు. కాలమ్ ఉండే ఓవెన్‌ని చల్లగా ఎక్కువసేపు ఆపితే ఆ పీకులు ఇంకా పెరుగుతాయి. ఇన్‌లెట్లో (సూది దిగే మూతిలో) నీ నుంచి ఊడిందంతా కాలమ్ మొదట్లో పేరుకుని, వేడెక్కగానే ఒక్కసారిగా బయల్దేరుతుంది మరి. నిన్ను బిగించే నట్టు వదులైతే లీకు: గాలిలోని నైట్రోజన్ 28, ఆక్సిజన్ 32 వచ్చి కూర్చుంటాయి. బిగిస్తే సూది దిగినప్పుడల్లా పొట్టు రాల్చి లైనర్ (ఇన్‌లెట్ లోపలి గాజు గొట్టం) నింపుతావు. నిన్ను ఎలా పెట్టాలిరా అసలు?

వంద ఇంజెక్షన్లు ఆగుతావని డబ్బా మీద రాసిన మహానుభావుడికి దండం. 250 డిగ్రీల్లో, మొద్దుబారిన సూదితో, సగం కూడా ఆగవు.

ఇన్‌లెట్ చల్లారుతోంది. 50కి దిగగానే గ్యాస్ కట్టేసి నిన్ను పీకేస్తాం. కొత్తదాన్ని ట్వీజర్లతోనే పెడతాం, చేతిజిడ్డు కూడా పీకే కాబట్టి. సెప్టమ్ పర్జ్ (సెప్టమ్ కింద ఊడ్చే గ్యాస్) నిమిషానికి 3 మిల్లీలీటర్లు. రాత్రంతా వేడి మీద ఉంచి, పొద్దున బ్లాంక్. అందులో 73 తల ఎత్తిందో, లైనర్ కూడా నీతోపాటే చెత్తబుట్టలోకి.