మూడో దశలో ఏం జరిగింది?

సూళ్లూరుపేటలో మేడ ఎక్కి రాకెట్ ప్రయోగం చూసేవాళ్లకు ముందు నిప్పు కనిపిస్తుంది, తర్వాత తెల్లటి పొగ చార. ఉరుము ఆ వెనకే వస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి మండే దశల్లో మూడోది అంటుకునే వేళకు రాకెట్ కంటికి ఆనదు. ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ వరుసగా రెండుసార్లు దెబ్బతిన్నది అక్కడే.

2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 విఫలమైంది. మూడో దశ మోటారులో పీడనం పడిపోయిందని ఇస్రో ఛైర్మన్ నారాయణన్ చెప్పారు. విచారణ కమిటీ నివేదిక బయటికి రాకుండానే 2026 జనవరి 12న సీ62 లేచింది. మళ్లీ మూడో దశే! ఈసారి అన్వేష ఉపగ్రహంతో పాటు దాన్ని నమ్ముకొని ఎక్కిన చిన్న ఉపగ్రహాలూ పోయాయి.

ఇస్రోకు ఈ మౌనం అలవాటు కాదు. 2022 ఆగస్టులో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం విఫలమైతే కారణాన్ని విప్పి చెప్పింది. రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన కుదుపుకు సెన్సర్లు తమ హద్దు దాటిన అంకెలు చూపాయి, వాటిని చూసి కంప్యూటర్ సెన్సర్లే పాడయ్యాయనుకుంది. దాంతో 356 కిలోమీటర్ల ఎత్తులో తిరగాల్సిన ఉపగ్రహాలు ఒకవైపు భూమికి 76 కిలోమీటర్ల దాకా దిగే కక్ష్యలో పడ్డాయి. లోపం సరిదిద్దారు, ఆరు నెలలకే అదే రాకెట్ పని పూర్తి చేసింది. చెప్పినందుకు ఇస్రో పరువేమీ పోలేదు.

విజయాలు తక్కువేమీ కావు. 2025 జనవరిలో స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండూ అంతరిక్షంలో జతకలిశాయి. రెండు రాకెట్లలో విడివిడిగా వెళ్లి పైన కలవాల్సిన చంద్రయాన్-4కు ఆ విద్యే ఆధారం. అదే ఏడాది డిసెంబరులో ఇస్రో భారీ రాకెట్ ఎల్‌వీఎం3 ఆరు టన్నులు దాటిన బ్లూబర్డ్ ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. శ్రీహరికోటలో దాదాపు 3,985 కోట్ల రూపాయలతో మూడో ప్రయోగ వేదిక రానుంది. 2035కు సొంత అంతరిక్ష కేంద్రం, 2040కి చంద్రుడిపై మనిషి అంటున్నారు.

మనుషులను అంతరిక్షానికి పంపే గగన్‌యాన్‌లో వాళ్లు కూర్చునేది ఎల్‌వీఎం3లో, పీఎస్‌ఎల్‌వీలో కాదు. నిజమే. అయితే తప్పు ఎలా దొర్లిందో వెతికే పద్ధతి రెండింటికీ ఒకటే. పైగా ఐదు పీఎస్‌ఎల్‌వీలు తయారుచేసే పనిని హెచ్‌ఏఎల్, ఎల్ అండ్ టీ సంస్థలకు అప్పగించారు. డబ్బు కట్టి ఉపగ్రహం అప్పగించే ఖాతాదారు ముందుగా అడిగేది మూడో దశ గురించే. తర్వాతి పీఎస్‌ఎల్‌వీ వేదిక ఎక్కేలోగా ఆ రెండు వైఫల్యాల విచారణ సారాంశమైనా జనం ముందు పెట్టాలి.