ప్రకాశం ‘పెద్దల మాట జవదాటనివాడు’ అట!

నవల మీద వ్యాసం రాయమంటే మన పిల్లలు నవలకు సన్మానపత్రం రాసిస్తున్నారు. డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పుకునే మనిషిని, ఈ మాట ఎన్నాళ్లనుంచో నోటి చివర ఆడుతోంది. ఈ సెమిస్టర్ అసైన్‌మెంట్లు దిద్దాక ఇక ఆపుకోవడం నా వల్ల కాలేదు. పోస్ట్ పెద్దదే. ఓపికున్నవాళ్లు చదవండి, లేనివాళ్లు కిందకి వెళ్లి నేరుగా తిట్టేయండి.

ఇచ్చిన నవల డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’. 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అప్పటికి ఆవిడకు ముప్పై కూడా నిండలేదు. 1961లో పోయారు. ఆవిడ రాసిన నవల ఈ ఒక్కటే, దాని గురించి మాత్రం ఇప్పటికీ మాట్లాడుకుంటున్నాం. చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు: మెడిసిన్ చదివే ప్రకాశం, అతనుండే ఇంట్లోనే ఉండే ఇందిర, కల్యాణి. ఇందిర ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంటుంది. ప్రకాశం మనసు మొదట కల్యాణి వైపు, తర్వాత ఇందిర వైపు. తీరా పెళ్లి మాట వచ్చేసరికి పెద్దలకు ఎదురు చెప్పలేక జారుకుంటాడు. ఇందిర ఏడుస్తూ కూర్చోదు, చివరికి అతని స్నేహితుడు కృష్ణమూర్తిని చేసుకుంటుంది. ఇంత కథ ఉన్నాక పోట్లాడుకోవడానికి చోటు లేదంటారా? అందుకే ప్రశ్న చాలా సూటిగా ఇచ్చాను: ‘ఇందిర గురించి మీ అభిప్రాయం ఏమిటి? వాదించి రాయండి.’

వచ్చిన వాటిలో ఒక వ్యాసం చెబుతాను, మిగతావి కూడా దాని తోబుట్టువులే. మొదటి పేజీలో ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో ‘రచయిత్రి పరిచయం’, కింద రెండు గీతలు. తర్వాత ‘ఇతివృత్తం’, అయిదు పేజీలు. తర్వాత ‘ఇందిర పాత్ర చిత్రణ’. అందులో ఆత్మవిశ్వాసం, ధైర్యం, స్వతంత్ర భావాలు అని నంబర్లు వేసి మరీ సుగుణాలు. మధ్యలో ఎక్కడి నుంచో ఊడిపడిన శ్రీశ్రీ కొటేషన్. దానికీ ఇందిరకూ ఏమిటి సంబంధమో ఆ దేవుడికే తెలియాలి. చివర్న ‘ఈ విధంగా రచయిత్రి ఇందిర పాత్రను ఎంతో హృద్యంగా, కళ్లకు కట్టినట్లు చిత్రించారు’. అయిపోయింది. మొత్తం వ్యాసంలో ఒక్క వాక్యాన్ని కూడా ‘కాదు, నేనొప్పుకోను’ అనే అవకాశం నాకు దొరకలేదు. కాదనడానికి వీల్లేని వ్యాసంలో వాదన ఎక్కడుంటుంది?

అన్నిటికన్నా నవ్వొచ్చింది ప్రకాశం గురించి రాసినప్పుడు. ‘ప్రకాశం వినయశీలి, పెద్దల మాట జవదాటనివాడు’ అని ఒకటి కాదు, చాలా కాగితాల్లో ఉంది. ఒక ఆడపిల్లకు ఆశ పెట్టి, పెద్దలు కళ్లెర్రజేస్తే తోక ముడిచిన మనిషికి వినయశీలి అని బిరుదు! కాసేపు నవ్వుకున్నాక అర్థమైంది, ఇది వాళ్ల కవిత్వం కాదు. పదో తరగతి ఉపవాచకంలో రామాయణం చదివి వచ్చిన పిల్లలు వీళ్లు. ‘ఫలానా పాత్ర స్వభావం రాయండి’ అంటే సుగుణాల పట్టిక వేయాలని అక్కడే నేర్చుకున్నారు. రాముడికి ఆ పట్టిక సరిపోతుంది. అదే అచ్చులో ప్రకాశాన్ని పోస్తే పితృవాక్య పరిపాలకుడు తయారై కూర్చున్నాడు.

కాబట్టి పిల్లల్ని తిట్టడానికి ఈ పోస్ట్ పెట్టలేదు. తిట్టాల్సింది మనల్ని, అంటే ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లని, దిద్దేవాళ్లని. స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లినవాళ్లెవరికైనా తెలుసు అక్కడ ఏం జరుగుతుందో. పక్కన పేపర్ల కట్ట, ముందు కీ. కీలో పాయింట్లు. సైడ్ హెడింగులు కనిపిస్తే టిక్కు, టిక్కు, టిక్కు. చేతిరాత బాగుండి అడిషనల్ షీట్లు ఉంటే ఇంకో రెండు మార్కులు. ‘ఇందిర అవకాశవాది’ అని ఒక పిల్ల ధైర్యం చేసి నాలుగు పేజీలు వాదించిందే అనుకోండి, కీలో ‘ఇందిర ఆత్మాభిమానం గల స్త్రీ’ అని ఉంటే ఆ పిల్ల గతేమిటి? ఆ భయంతోనే గైడు తెరుస్తున్నారు. వాళ్ల జాగ్రత్త వాళ్లది, నేను తప్పుపట్టలేను.

పెద్దవాళ్లం మనమేమన్నా తక్కువ తిన్నామా? ఫేస్‌బుక్‌లో ఏ పుస్తక పరిచయమైనా చూడండి. ‘ఆపకుండా చదివించింది’, ‘గుండె బరువెక్కింది’, ‘ప్రతి ఒక్కరూ చదవాల్సిన పుస్తకం’. ఆవిష్కరణ సభల సంగతి సరేసరి, శాలువా కప్పిన చేత్తో తప్పెలా ఎంచుతాం. ఎవరైనా ‘రెండో భాగం తేలిపోయింది’ అన్నారా, ఆ రచయిత గారు అన్‌ఫ్రెండ్ చేసేస్తారు.

‘వాదన వ్యాసం పాశ్చాత్యుల పద్ధతి, మన పిల్లలకు అబ్బదు’ అని ఒక సీనియర్ గారు నాతో అన్నారు. ఎంత మాట! విషయం చెప్పు, సందేహం చెప్పు, పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదన, చెప్పు, ఆ తర్వాతే నీ సిద్ధాంతం చెప్పు అని వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులు వరస కట్టి పెట్టిన దేశం ఇది. పూర్వపక్షాన్ని నీరసంగా చెబితే అవతలి పండితుడు సభలోనే నవ్వేవాడు. అంత వెనక్కి వద్దు అంటారా, 1914లో వచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి గారి విమర్శ గ్రంథం ‘కవిత్వతత్త్వ విచారము’ తీయండి. ప్రబంధకవి పింగళి సూరన మీద ఆయనకెంత గౌరవమో పుస్తకమంతా కనబడుతుంది, అయినా ఏది కుదిరిందో ఏది కుదరలేదో మొహమాటం లేకుండా తేల్చారు. ఆయన్ని ఖండిస్తూ పెద్దపెద్ద పండితులు కలాలు పట్టారు. మన విమర్శ అలా పెరిగింది. ఆ సీనియర్ గారు ఎం.ఏ.లో ఇదంతా చదువుకునే వచ్చారు మరి.

ఇక అబ్బదనే మాటకొస్తే, ఇదే పిల్లలు క్యాంటీన్‌లో ఏం చేస్తారో ఒకసారి వినండి. కొత్త సినిమా చూసి వచ్చి ‘సెకండాఫ్‌లో హీరో అలా మారిపోవడానికి కారణం ఎక్కడ చూపించాడ్రా?’ అని ఒకడు. ‘ఇంటర్వెల్ ముందు ఫోన్ సీన్ చూడలేదా నువ్వు?’ అని ఇంకొకడు. ఇదే కదండీ వాదన! పక్షం ఉంది, ఎదురుపక్షం ఉంది, సీను చూపించి సాక్ష్యం పెట్టడం కూడా ఉంది. క్లాసులోకి రాగానే ఆ నోటికి తాళం వేసి ‘హృద్యంగా’ అని రాయించే ఘనత మనదే.

అందుకే వ్యాసాలు వెనక్కి ఇచ్చేసి ఒక క్లాసంతా పోట్లాటకే వదిలేశాను. బోర్డు మీద వాళ్ల వాక్యమే రాశాను: ‘ఇందిర గొప్ప వ్యక్తిత్వం గల స్త్రీ.’ కాదనేవాళ్లెవరని అడిగితే మొదట చప్పుడు లేదు. కాసేపటికి వెనక బెంచీ కుర్రాడు, మామూలుగా అటెండెన్స్ కోసం తప్ప నోరు విప్పనివాడు, ‘మేడమ్, మరి కల్యాణితో ఆవిడ ప్రవర్తించిన తీరేంటి? అది కూడా గొప్పేనా?’ అన్నాడు. ముందు వరసలో పిల్ల గిర్రున తిరిగింది. ‘ఆ ఇల్లు గడవడానికి సంపాదించేది ఎవర్రా? మంచితనం చూపించే తీరిక ఆవిడకెక్కడిది?’ ‘సంపాదిస్తే ఎవర్నయినా ఏమైనా అనొచ్చా?’ అని వాడు. ఇక చూడండి. బెల్లు కొట్టినా లేవలేదు.

ఆ వేడి చల్లారకుండా కాగితం మీద పెట్టించడమే అసలు పని. ముందు ఆ బోర్డు వాక్యాన్ని మార్పించాను. ‘గొప్ప’, ‘ఆదర్శప్రాయం’ లాంటి మాటలు నిషేధం. అటు తిప్పి ఇటు తిప్పి ఆ అమ్మాయి ఇలా రాసింది: ‘ఇందిర స్వార్థం అని మనం పిలిచేది, ఆసరా లేని మనిషి వేసుకునే లెక్క.’ బాగుంది కదూ! ఎందుకంటే దీన్ని కాదనొచ్చు.

తర్వాత నేను పెట్టిన షరతు ఒక్కటే. నీ వాదనకు అడ్డం తిరిగే సన్నివేశం నవల్లో ఎక్కడుందో నువ్వే వెతికి, పేజీ నంబరుతో సహా నువ్వే చెప్పాలి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ‘కొందరు ఇందిరను స్వార్థపరురాలు అంటారు, కానీ అది సరికాదు’ అని ఒకటిన్నర లైను రాసి పూర్వపక్షం అయిపోయిందనుకుంటారు. ఎవరా కొందరు? ఏ పేజీ చూసి అంటారు? వెనక బెంచీ కుర్రాడు చదివి ‘అవును, నేనన్నది ఇదే’ అని ఒప్పుకునేలా రాయమన్నాను. ఆ పిల్ల మూడుసార్లు తిప్పి రాసి తెచ్చిన పేరా ఇది: ‘కల్యాణి దిక్కులేని స్థితిలో ఉందని ఇందిరకు తెలుసు. తెలిసే కఠినంగా ఉంది. దీన్ని నేను వెనకేసుకు రాలేను. ఇందిర లెక్క తను బతకడానికి వేసుకున్నదే అయినా, ఆ లెక్కలో ఇంకో ఆడపిల్ల నష్టపోయింది. కాబట్టి ఇందిరది తప్పు కాదని నేననను. ఆ తప్పుకు కారణం ఆమె స్వభావంలో కన్నా ఆ ఇంట్లో ఎక్కువ ఉందని మాత్రమే అంటాను.’

చూశారా, ఎదుటివాడి మాట వినేసరికి తన మాట ఎలా పదునెక్కిందో. మొదటి వాక్యంలో ఉన్న దూకుడు తగ్గింది, బలం పెరిగింది. గైడులో ఈ పేరా దొరకదు. చాట్‌జీపీటీని అడిగినా దొరకదు. అదీ ప్రయత్నించారు లెండి మా పిల్లలు. ‘ఒకవైపు ఇందిర స్వార్థపరురాలిగా కనిపించినా, మరోవైపు ఆధునిక స్త్రీకి ప్రతీక’ అని గోడమీద పిల్లిలా రాసిచ్చింది. పేజీ నంబరు అడిగితే ఇద్దరు నీళ్లు నమిలారు. ఇంకొకడు 1963లో ఈ నవల ఆధారంగా వచ్చిన ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా చూసి వచ్చేసి, నవల చదివానని నన్ను నమ్మించబోయాడు. వాడి సంగతి వేరే పోస్ట్ రాస్తాను.

‘ఇలా వందల పేపర్లు దిద్దడం కుదిరే పనేనా?’ అని నా తోటివాళ్లే అడుగుతున్నారు. నిజమే, టైము పడుతుంది. పన్నెండు పేజీలు రాయనిస్తే ఎలాగూ కుదరదు, రెండు పేజీలు దాటొద్దనండి. రచయిత్రి పరిచయానికి, కథ చెప్పడానికి సున్నా మార్కులని ముందే చెప్పేయండి. నవల చూసి రాయనివ్వండి, పుస్తకం ఎదురుగా ఉన్నంత మాత్రాన వాదన దానంతటది పుట్టదు. కీలో జవాబుకు బదులు మూడు ప్రశ్నలు పెట్టండి: కాదనడానికి వీలున్న మాట చెప్పాడా, నవల నుంచి సాక్ష్యం తెచ్చాడా, అడ్డొచ్చే సన్నివేశాన్ని ఎదుర్కొన్నాడా. ఇందిర మంచిదన్నా చెడ్డదన్నా మార్కులు సమానమే.

పేపర్ సెట్ చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ప్రశ్న కూడా నేనే రాసిస్తున్నాను, ఫీజు అక్కర్లేదు: ‘ప్రకాశం పెద్దల మాట జవదాటనివాడు. ఇది అతని సుగుణమా, లోపమా? ఏదో ఒక పక్షం తీసుకుని వాదించండి. మీ వాదనకు అడ్డుపడే ఒక సన్నివేశాన్ని తప్పనిసరిగా చర్చించండి.’ పదిహేను మార్కులు. స్కెచ్ పెన్నులు హాల్లోకి అనుమతించబడవు.