హాజరు ఎక్కింది, లెక్క ఎక్కలేదు

కర్నూలు పాతబస్తీలో మున్సిపల్ ప్రాథమిక బడికి పొద్దున్నే పోయి చూడండి. టీచరు చేతిలో సుద్దముక్క ఉండదు, ఫోను ఉంటుంది. తన హాజరు, పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క. 2024 దాకా మరుగుదొడ్డి ఫొటో కూడా ఉండేది. సిగ్నల్ అందకపోతే వరండా చివరిదాకా నడక. విద్యాహక్కు చట్టం, 2009 ఏమో జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప వేరే పని టీచరుకు చెప్పొద్దంటుంది. ఈ ఫోను పనులు అందులో దేని కిందికి వస్తాయో!

అదే చట్టంలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు చాలు. తరగతులు మాత్రం ఐదు. ఒకరు సెలవు పెడితే చెప్పేదేముంది.

మూడో తరగతి పిల్లోడు 52లో 27 తీసేసి 35 అని రాస్తాడు. 2లోంచి 7 పోదు కదా, అందుకని 7లోంచే 2 తీసేశాడు. ఎర్రగీత కొడితే వానికేం తెలుస్తుంది? పదేసి పుల్లలకు రబ్బరుబ్యాండు వేసి ఐదు కట్టలు, రెండు విడిపుల్లలు ముందర పెట్టాల. వాని చేతే ఒక కట్ట విప్పించాల. విడివి 12 ఔతాయి. ఏడు తీస్తే ఐదు. మిగిలిన నాలుగు కట్టల్లో రెండు పక్కన పెడితే 25. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలే ఫోను మింగేసింది.

ఇంక ట్రైనింగ్ అంటారా? రోజంతా స్లైడ్లు చూపిస్తారు. పుల్లల కట్ట ఒక్కటీ కట్టించరు.