గ్వింటెల్ బుట్ట గురించి కూడా రాయండి

వేల్స్‌లో ఊరివాళ్లంతా కూడి విల్లో (సన్నగా, వంగే కొమ్మలుండే చెట్టు) బుట్టలు అల్లడంపై మీ వ్యాసం చాలా నచ్చింది. అక్కడి పాతకాలపు పొలం బుట్ట అయిన గ్వింటెల్ ఊసే లేకపోవడం మాత్రం వెలితిగా ఉంది. హేజెల్ అనే చెట్టు కర్రను వంచి చట్రం కట్టి, బద్దలు బిగించి, రెండు చివర్ల నుంచి మధ్యకు అల్లుకొస్తారు. బంగాళదుంపలు ఏరాలన్నా, పశువులకు మేత వేయాలన్నా ఒకప్పుడు అదే వాడేవారు. ప్లాస్టిక్ బకెట్లొచ్చి దాన్ని పక్కకు నెట్టేశాయి.

అసలు అల్లిక కంటే ముందు పనే ఎక్కువ. ఆకు రాలాక చలికాలంలో విల్లో కొమ్మలు కోసి, ఎండబెట్టి, మళ్లీ రోజుల తరబడి నానబెట్టాలి. సరిగా నానకపోతే వంచగానే ఫట్‌మని విరుగుతాయి. అందుకే ఒక్క శనివారం వర్క్‌షాప్‌తో ఈ విద్య నిలబడదని నా నమ్మకం. విల్లో మొక్కల పెంపకం కూడా నేర్పేవాళ్లుంటే వాళ్ల గురించి తప్పకుండా రాయండి.