అడిగారు సరే, జవాబేదీ?

మన విశాఖలో ప్రభుత్వం జనాన్ని అడగట్లేదని ఎవరూ అనలేరు. మాస్టర్ ప్లాన్ మీద అడుగుతుంది, ఆస్తి పన్ను మీద అడుగుతుంది, కరెంటు ఛార్జీల మీద, ఫ్యాక్టరీ విస్తరణల మీద, సముద్ర తీరం మ్యాపుల మీద కూడా అడుగుతుంది. పత్రికల లోపలి పేజీల్లో, టెండరు ప్రకటనల మధ్య, భూతద్దం పెడితే తప్ప కనపడని అక్షరాల్లో "అభ్యంతరాలు, సలహాలు ఆహ్వానించడమైనది" అని వస్తూనే ఉంటుంది. జనం కూడా పనులు మానుకుని వెళ్తున్నారు, రాసిస్తున్నారు, మైకు పట్టుకుని చెబుతున్నారు. ఆ తర్వాత ఏమైందో మాత్రం తెలియదు. మా ఫిర్యాదు అక్కడే.

విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ తయారుచేసిన 2041 మాస్టర్ ప్లాన్ సంగతే తీసుకోండి. 2021లో, కరోనా రెండో దెబ్బ నుంచి ఇళ్లు ఇంకా తేరుకోని రోజుల్లో, ముసాయిదా బయటపెట్టి అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. ఇరవై ఏళ్ల పాటు ఏ భూమిలో ఇల్లు కట్టుకోవచ్చో, ఏది పచ్చదనం కింద వదిలేయాలో, వంద అడుగుల రోడ్డు ఎవరి పెరట్లోంచి పోతుందో తేల్చే కాగితం అది. ఆనందపురం రైతుకైనా, పెందుర్తిలో జీవితమంతా దాచిన డబ్బుతో చిన్న స్థలం కొనుక్కున్న రిటైర్డ్ ఉద్యోగికైనా మ్యాపులో తన సర్వే నంబరు మీద ఏ రంగు పడిందన్నదే ప్రాణం. ఆ మ్యాపు కంప్యూటర్‌లో తెరుచుకుని సర్వే నంబరు వెతుక్కోవడమే ఒక యుద్ధం, దానికి ఎవరో ఒక ప్లానర్‌కి డబ్బులిచ్చుకోవాలి, ఆ తర్వాత అభ్యంతరం రాసుకుని సిరిపురం ఆఫీసుకి పట్టుకెళ్లాలి. అయినా జనం పట్టుకెళ్లారు. ఆ ఏడాదే ప్లాన్ ఖరారైపోయింది. ప్రభుత్వం మారాక అందులో లోపాలున్నాయి, సవరిస్తామన్నారు. సవరించడం మంచిదే. కానీ 2021లో కాగితం ఇచ్చిన మనిషిని ఆపి, నీ అభ్యంతరం ఒప్పుకున్నారా, కాదన్నారా, కాదంటే ఎందుకన్నారు అని అడిగి చూడండి. చెప్పగలిగేవాళ్లు మీకు ఎంతమంది దొరుకుతారో మాకూ తెలుసుకోవాలని ఉంది.

ఇది చేతకాని పని అయితే ఊరుకునేవాళ్లమే. చేతనవుతుందని మన రాష్ట్రంలోనే రుజువుంది. కరెంటు ఛార్జీలు చూడండి. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం విద్యుత్ నియంత్రణ మండలి (కమిషన్) ప్రజల నుంచి వచ్చిన సలహాలు, అభ్యంతరాలు అన్నీ పరిశీలించాకే, దరఖాస్తు అందిన 120 రోజుల్లో టారిఫ్ ఉత్తర్వు ఇవ్వాలి. మనకి కరెంటు పంపిణీ చేసే సంస్థ (డిస్కం) ఈపీడీసీఎల్ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది, దాని లెక్కల మీద కూడా ఇదే తంతు నడుస్తుంది. ఎవరైనా అభ్యంతరం పంపితే డిస్కం దానికి రాతపూర్వకంగా జవాబివ్వాలి. బహిరంగ విచారణలో ఆ మనిషి లేచి, మీ జవాబు నాకు నచ్చలేదని చెప్పొచ్చు. చివరికి వచ్చే ఉత్తర్వు తిరగేస్తే ఒక్కో అంశం కింద జనం ఏమన్నారు, డిస్కం ఏం బదులిచ్చింది, కమిషన్ ఏమనుకుంది అని మూడూ వరసగా అచ్చయి ఉంటాయి. అభ్యంతరం చెప్పింది పెద్ద పరిశ్రమల సంఘమైనా, రైతు సంఘమైనా, ఏ సంఘమూ లేని ఒక వినియోగదారుడైనా అంతే.

అంతమాత్రాన కరెంటు బిల్లులు తగ్గిపోయాయని మేము చెప్పట్లేదు. పాత ఏళ్ల ఖర్చుల తేడాని తర్వాత రాబట్టే ట్రూఅప్ పేరుతో వచ్చి పడ్డ వడ్డనలు ఈ ఊళ్లో ఎవరికి తెలియవు? కానీ అక్కడ ఓడిపోయినవాడికి కూడా తను ఏ పాయింటు మీద ఓడిపోయాడో తెలుస్తుంది. మరుసటి ఏడాది అక్కడి నుంచే వాదన మొదలుపెట్టొచ్చు, ఓపికుంటే అప్పిలేట్ ట్రైబ్యునల్ దాకా వెళ్లొచ్చు. లక్షల మంది వినియోగదారుల వ్యవహారంలో ఒక్కో అభ్యంతరానికి జవాబు రాయగలిగినప్పుడు, ఒక నగరం మ్యాపు విషయంలో సిబ్బంది లేరు, టైము లేదు అంటే ఎలా నమ్మాలి?

ఇక ఫ్యాక్టరీల కోసం పెట్టే ప్రజాభిప్రాయ సేకరణలు. పరవాడ, అచ్యుతాపురం, నక్కపల్లి వైపు వాళ్లకి వీటి గురించి మనం చెప్పక్కర్లేదు. షామియానా, బారికేడ్లు, జనం కన్నా ముందొచ్చి కూర్చునే పోలీసులు, కన్సల్టెంట్ గారి ఇంగ్లిష్ స్లైడ్లు, ముందు వరసలో కంపెనీ తరఫు మనుషులు, ఉద్యోగాలు స్థానికులకే ఇస్తామనే పాత మాట. నిజానికి 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర పర్యావరణ నోటిఫికేషన్‌లో రాసినవి తక్కువేం కాదు. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటన వేయాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. సభ అయ్యాక ఎవరేం అన్నారో స్థానిక భాషలో అందరి ముందూ చదివి వినిపించాలి. ఇది చాలామందికి తెలియదు, అందుకే లేచి వెళ్లిపోతారు. అసలు చూసుకోవాల్సింది అప్పుడే, మీరు వద్దన్నది అక్కడ 'కొన్ని సూచనలు చేశారు' అని మారిపోయిందా లేదా అని.

అదే నోటిఫికేషన్‌లో ఇంకొన్ని సంగతులు కూడా ఉన్నాయి. ఇంతమంది రావాలన్న కోరం నిబంధన లేదు, పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. వందల పేజీల పర్యావరణ నివేదిక ఇంగ్లిష్‌లో ఉంటుంది, తెలుగులో ఇవ్వాల్సింది సారాంశం మాత్రమే. కాలుష్యం మన ఊరి బావిలోకి ఎప్పటికి దిగుతుందో చెప్పే పేజీ ఆ సారాంశంలో ఉంటుందనే గ్యారంటీ ఏమీ లేదు. పైగా పర్యావరణ అనుమతి పొందిన పారిశ్రామిక పార్కు లోపల పెట్టే యూనిట్లకి విడిగా ఈ సభ పెట్టక్కర్లేదు. అంటే పార్కు వచ్చేటప్పుడు ఒక్కసారి అడిగి, ఆ తర్వాత లోపల ఏ రసాయనం తయారైనా పక్క ఊరివాళ్లని పలకరించకుండా కానిచ్చేయొచ్చన్నమాట. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ విషవాయువు పీల్చి జనం రోడ్ల మీద పడిపోయిన ఊరు మనది. గోడ అవతల ఏ ట్యాంకులో ఏముందో ముందే తెలుసుకునే హక్కు గురించి మాకు ఇంకెవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఉన్న ఈ కాస్త హక్కునీ తగ్గించాలని అదే ఏడాది కేంద్రం చూసింది. కొత్త పర్యావరణ నోటిఫికేషన్ ముసాయిదాలో జనం స్పందించడానికి ఇచ్చే గడువుని 30 రోజుల నుంచి 20 రోజులకి కుదించాలన్నారు. ముసాయిదాని ఇంగ్లిష్, హిందీల్లోనే పెట్టి దేశమంతా అభిప్రాయం చెప్పమన్నారు. ఢిల్లీ హైకోర్టు కలుగజేసుకుని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లోకీ తర్జుమా చేయించండి, గడువు ఆగస్టు 11 దాకా పెంచండి అని చెప్పాల్సొచ్చింది. తెలుగువాణ్ణి తెలుగులో అడగమని చెప్పడానికి ఒక హైకోర్టు కావాలా! ఆ ఆదేశం మీద కేంద్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లడం ఇంకా ముచ్చటైన విషయం.

గడువు అనే మాటకే విలువ లేకుండా పోయిన సందర్భం ఒకటి మన రాష్ట్రంలోనూ ఉంది. రాజధాని మార్పు మీద అమరావతి (సీఆర్‌డీఏ) ప్రాంత రైతులు అభ్యంతరాలు చెప్పుకోవడానికి హైకోర్టు 2020 జనవరి 20 మధ్యాహ్నం రెండున్నర దాకా సమయం ఇప్పించింది. మంత్రివర్గం ఆ రోజు పొద్దున్నే కూర్చుని మూడు రాజధానుల బిల్లుకి ఆమోదం తెలిపేసింది. పాలనా రాజధాని మనకొస్తోందన్న సంబరంలో ఇక్కడ చాలామంది ఆ సంగతి పట్టించుకోలేదు. మనకి లాభం అనుకున్న రోజున అవతలివాడి అభ్యంతరం మనకి కనపడదు, రేపు మన స్థలంలోంచి రోడ్డు పోయినప్పుడు ఇంకెవరికీ మనం కనపడం.

అడిగినందుకు నిజంగా విలువిచ్చిన చోటు చూడాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు, కొండలు దాటి ఒడిశాలోకి వెళ్తే చాలు. నియమగిరి బాక్సైట్ మీద సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో గ్రామసభల్నే తేల్చమంది. పన్నెండు ఊళ్లలో సభలు పెట్టారు, ఆఫీసుల్లో కాదు, వాళ్ల ఊళ్లలోనే, జిల్లా జడ్జి పరిశీలకుడిగా. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి, తవ్వకం ఆగింది. మన అనంతగిరి వైపు గిరిజనుల భూముల మీద 1997లో వచ్చిన సమత తీర్పుని (గిరిజన ప్రాంత భూముల్ని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదన్న సుప్రీంకోర్టు తీర్పు) గుర్తుంచుకున్నవాళ్లకి ఇది ఆశ్చర్యం కాదు. నగరంలో ప్రతి రోడ్డుకీ ఇలా ఓట్లు వేయించలేం, నిజమే. మేము అంత దూరం అడగట్లేదు కూడా.

అధికారులతో మాట్లాడితే వాళ్ల గోడు వేరు. వచ్చే అభ్యంతరాల్లో సగం ఒకే కాగితానికి జిరాక్సులు, మిగతా సగం 'మా ప్లాటు వదిలేయండి' అనేవే, నగరం గురించి ఆలోచించేవాడు ఒక్కడూ రాడు అంటారు. అందులో కొంత నిజం ఉంది. పార్టీ ఆఫీసులో టైపు కొట్టించి సంతకాలు పెట్టించిన కట్టలు మేమూ చూశాం. అయితే ఒకే వీధి నుంచి రెండొందల మంది మా ప్లాటు పోతోందని రాస్తే అది సొంత గోల అని పక్కన పడేయడమేమిటి, రోడ్డు తప్పు చోట గీశారేమోనని ఒకసారి వెళ్లి చూడొద్దా?

రానివాళ్ల సంగతి ఇంకా ఆలోచించాల్సింది. కలెక్టరేట్లో పనిదినం పదకొండు గంటలకి మీటింగు పెడితే ఎవరు వస్తారు? ఫైలూ, లాయరూ, ఇంజినీరూ ఉన్న రియల్ ఎస్టేట్ వాళ్లు వస్తారు. తీర ప్రాంత నిర్వహణ ప్రణాళిక మీద జిల్లాలో బహిరంగ విచారణ పెట్టాలని 2019 తీర నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ చెబుతోంది. ఆ మ్యాపులో ఒడ్డున ఎవరు ఉండొచ్చో, వలలు ఎక్కడ ఆరేసుకోవచ్చో తేలుతుంది. పెదజాలరిపేట వాళ్లు వేటలో ఉన్న రోజుల్లో ఆ సభ పెట్టి, మత్స్యకారుల నుంచి అభ్యంతరాలేవీ రాలేదని రాసుకుంటే ఎవరిని మోసం చేస్తున్నట్టు? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, ఇంజిను పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. సభ అప్పుడు, జాలరిపేటలోనే పెట్టండి. తోపుడుబండ్ల వాళ్లయితే మీటింగుకొస్తే ఆ పూట బేరం పోగొట్టుకోవాలి. వాళ్ల కోసం 2014 చట్టం పట్టణ వెండింగ్ కమిటీలో నలభై శాతం సీట్లు వాళ్లకే ఇచ్చింది. బళ్లు తీసేసే ముందు ఆ కమిటీని అడిగారా అన్నది నగర పాలక సంస్థ జీవీఎంసీ ప్రతిసారీ బయటపెట్టాలి. అసలు ఈ నగరానికి 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు, అడగడానికి కార్పొరేటర్ కూడా లేని తొమ్మిదేళ్లు అవి. ఆ అలవాటు ఆఫీసుల్లోంచి ఇంకా పూర్తిగా పోయినట్టు లేదు.

మెట్రో విషయంలోనైనా ఈ తప్పు జరగకూడదు. ప్రతిపాదిత మొదటి దశే మూడు కారిడార్లు, 46.23 కిలోమీటర్లు. స్టేషన్ ఎక్కడ, మెట్లు ఎవరి దుకాణం ముందు దిగుతాయి, నిర్మాణం సాగినన్ని ఏళ్లూ గాజువాక ట్రాఫిక్ ఎటు మళ్లుతుంది అనేవి టెండర్లు ఖరారయ్యాక అడిగితే అది అయిపోయిన పెళ్లికి మేళమే.

మేము అడిగేది ఒక్కటే. ఏ ముసాయిదా అయినా సరే, తుది ఉత్తర్వుకి పదిహేను రోజుల ముందు తెలుగులో ఒక పట్టిక బయటపెట్టండి. ఎవరెవరు ఏం చెప్పారు, మీరు ఏం మార్చారు, మార్చకపోతే ఎందుకు మార్చలేదు. దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది, ముఖ్యమైన విధానాలు తయారుచేసేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని, నిర్ణయం వల్ల ప్రభావితమయ్యే వాళ్లకి దాని కారణాలు చెప్పాలని. ఎవరూ అడగకపోయినా చెప్పాల్సినవి ఇవి.

వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగక్కర్లేదు కాబట్టి పాఠకులకి ఒక మాట. అభ్యంతరం రాసేటప్పుడు ముసాయిదాలో ఏ పేజీ, ఏ సర్వే నంబరు, ఏ క్లాజు అన్నది రాసి, దాని బదులు ఏం కావాలో కూడా రాయండి. ఆవేశం ఒక పేరాకి మించనివ్వకండి. మెయిల్ పంపినా సరే, ఒక కాపీ ఆఫీసులో ఇచ్చి ఇన్‌వార్డు నంబరుతో ముద్ర వేయించుకోండి, వేయనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ తర్వాత పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి: ఫలానా తేదీన, ఫలానా నంబరుతో నేనిచ్చిన అభ్యంతరం మీద ఏం నిర్ణయించారు, కారణమేంటి, ఫైలులో రాసిన నోట్ నకలు ఇవ్వండి అని. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోగా అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేయొచ్చు. వచ్చిన జవాబు ఏదైనా, 'సమాచారం అందుబాటులో లేదు' అన్నదైనా సరే, మాకు పంపండి. మీ సర్వే నంబరు కొట్టేసి అచ్చువేస్తాం.