ముందు బ్రేకులు, ఆ తర్వాతే బూస్ట్

చెన్నై శివార్లలోని మహీంద్రా వరల్డ్ సిటీలో బీఎండబ్ల్యూ 2007 నుంచి కార్లు తయారు చేస్తోంది. 2021లో ఆ ప్లాంటు నుంచే ఎం340ఐ బయటికొచ్చింది. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్, 387 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. సున్నా నుంచి వందకు 4.4 సెకన్లని కంపెనీ లెక్క. ఇలాంటి కారు కొన్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, సెకండ్ హ్యాండులో ఫోక్స్‌వాగన్ పోలో టీఎస్ఐ కొన్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "రీమ్యాప్ కొట్టిస్తే ఎంత పెరుగుతుంది?" షోలింగనల్లూరు, నావలూరు అపార్ట్‌మెంట్లలో ఉంటూ ఓఎంఆర్ రోడ్డు మీది ఐటీ కంపెనీల్లో పనిచేసే మన తెలుగు కుర్రాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట రాకుండా ఉండదు.

నాకు ట్యూనింగ్ అంటే ఇష్టం. కారును తన చేతికి తగ్గట్టు మలుచుకోవాలనుకోవడంలో తప్పు లేదు. కానీ ఈ ఊళ్లో ఆ డబ్బు ఖర్చయ్యే వరస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. పవర్ కొనడం తేలిక. ల్యాప్‌టాప్ తగిలించి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చేస్తే, అంటే రీమ్యాప్ చేస్తే, గంటలో పని అయిపోతుంది. ఆ పవర్‌ను మోయడానికి కావలసినవి మాత్రం ఒక్కొక్కటిగా, నెలల తరబడి డబ్బు అడుగుతాయి. అందుకే వాటిని "తర్వాత చూద్దాంలే" అని పక్కన పెడతారు. ఆ తర్వాత అనేది చాలామందికి రాదు.

రీమ్యాప్ చేసేటప్పుడు ఇంజిన్ కంప్యూటర్లోని పట్టికలు మారుస్తారు. టర్బో ఎంత ఒత్తిడితో గాలి నెట్టాలి (ఆ ఒత్తిడే బూస్ట్), స్పార్క్ ఏ క్షణాన కొట్టాలి, పెట్రోలు ఎంత చల్లాలి అన్నవి వాటిలోనే ఉంటాయి. "కంపెనీవాళ్లు కావాలనే తగ్గించి అమ్ముతారు సార్, మనం విప్పుకుంటున్నామంతే" అని షెడ్లలో చెబుతుంటారు. అది సగం నిజం. ఒకే ఇంజిన్‌ను రెండు మూడు పవర్ స్థాయుల్లో అమ్మే మాట వాస్తవమే. మిగతా సగం ఏమిటంటే, కంపెనీ ఆ మిగులును కల్తీ పెట్రోలు కోసం, మే నెల మండుటెండ కోసం, ఆయిల్ మార్చడం మరిచిపోయే ఓనరు కోసం, పదేళ్ల తర్వాత కారు కొనే మూడో ఓనరు కోసం పెట్టింది. రీమ్యాప్‌తో మనం వాడుకునేది ఆ మిగులునే.

చెన్నైలో ఆ మిగులును మొట్టమొదట తినేసేది వేడి. గాలి 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే సాంద్రత దాదాపు 5 శాతం పడిపోతుంది. ట్రాఫిక్‌లో నిలబడ్డ కారు బానెట్ కింద లోపలికి పీల్చే గాలి 60 డిగ్రీలకు చేరితే తగ్గుదల 10 శాతం దాటుతుంది. ఉక్కపోత దీనికి అదనం. 35 డిగ్రీల ఎండలో 70 శాతం తేమ ఉందంటే, గాలి పీడనంలో సుమారు 4 శాతం నీటి ఆవిరిదే. ఇంజిన్ పీల్చే ప్రతి గుక్కలోనూ ఆమేరకు ఆక్సిజన్ తక్కువ. బెంగళూరు కథ వేరు. అక్కడ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్నందువల్ల గాలి ఒత్తిడి 10 శాతం వరకు తక్కువే, కానీ గాలి చల్లగా ఉంటుంది. టర్బో కాస్త వేగంగా తిరిగి ఆ లోటును పూడ్చగలదు. చెన్నై వేడిని టర్బో పూడ్చలేదు, ఇంకా పెంచుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది మరి. 40 డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కితే టర్బో నుంచి బయటికొచ్చేసరికి అది 130 డిగ్రీలు దాటుతుంది. దాన్ని చల్లార్చాల్సింది ఇంటర్‌కూలర్. మధ్యకైలాష్ సిగ్నల్ దగ్గర కారు కదలకుండా ఉన్నప్పుడు ఇంటర్‌కూలర్ మీదుగా గాలి ఆడదు, అదే వేడెక్కి కూర్చుంటుంది. గ్రీన్ సిగ్నల్ పడగానే యాక్సిలరేటర్ అదిమితే, ఇంజిన్‌లోకి వెళ్లేది ఆ వేడి గాలే.

గాలి వేడిగా ఉంటే స్పార్క్ రాజేసిన మంట చేరకముందే మిశ్రమం తనంతట తాను పేలే ప్రమాదం ఉంది. దాన్నే నాకింగ్ అంటాం. సెన్సర్ పసిగట్టి, కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేసి, ఇంజిన్‌ను కాపాడుతుంది. అలా కాపాడిన ప్రతిసారీ మనం డబ్బిచ్చి కొన్న పవర్ కొంత మాయమవుతుంది. ఇక మ్యాప్, అంటే ఆ మార్చిన పట్టికలు, మరీ దురాశతో రాసినదైతే కంప్యూటర్ కూడా ఒక హద్దు దాటి కాపాడలేదు. పిస్టన్ రింగుల మధ్య సన్నటి గట్టు విరగడానికి కొన్ని గట్టి దెబ్బలు చాలు.

ఇక్కడే డైనో షీటు గురించి, అంటే కారు పవర్ కొలిచే యంత్రం ఇచ్చే కాగితం గురించి చెప్పాలి. దాని మీద అచ్చయ్యే అంకె సాధారణంగా ఆ రోజు నిజంగా కొలిచినది కాదు. 25 డిగ్రీల గాలి ఉంటే ఎంత వచ్చేదో సూత్రం ప్రకారం సవరించి వేసిన అంకె అది. ఆ సవరణ సూత్రాలు టర్బో లేని ఇంజిన్లకు బాగా సరిపోతాయి. టర్బో కారు కంప్యూటర్ బూస్ట్‌ను తానే సర్దుకుంటుంది కాబట్టి, ఎండ రోజున సవరించిన అంకె ఉన్నదానికంటే పెద్దగా కనబడే వీలుంది. పైగా కొందరు చక్రాల దగ్గర కొలుస్తారు, కొందరు గేర్‌బాక్స్ నష్టాన్ని అంచనా వేసి కలుపుతారు. ఇద్దరు ట్యూనర్ల అంకెలను పక్కపక్కన పెట్టి ఎక్కువ తక్కువలు చూడటంలో అర్థం లేదు. ట్యూనర్‌ను అడగాల్సినది లాగ్, అంటే కారు నడుస్తుండగా నమోదైన లెక్కలు. మధ్యాహ్నం రెండు గంటలకు, మామూలుగా మీరు పోయించే పెట్రోలుతో, రోడ్డు మీద మూడో గేరులో వరసగా నాలుగైదు సార్లు లాగినప్పుడు గాలి ఉష్ణోగ్రత ఎంతకు పెరిగింది, ఏ సిలిండర్‌లో స్పార్క్ ఎన్ని డిగ్రీలు వెనక్కి పోయింది? ఇది చూపించడానికి వెనకాడే షెడ్డుకు కారు ఇవ్వకండి.

పెట్రోలు విషయం క్లుప్తంగా చెబుతాను. 2020 చివర్లో ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 తెచ్చాక నగరాల్లో వంద ఆక్టేన్ పెట్రోలు దొరుకుతోంది. ఆక్టేన్ ఎంత ఎక్కువైతే నాకింగ్‌ను పెట్రోలు అంత బాగా తట్టుకుంటుంది. దాన్ని నమ్ముకుని రాసిన మ్యాప్‌తో సూళ్లూరుపేట, నాయుడుపేట మీదుగా నెల్లూరు వెళ్తూ దారిలో ఏ బంకులోనో మామూలు పెట్రోలు పోయించారంటే పరిస్థితి మారిపోతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇ20కి, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు, ఆక్టేన్ బాగానే ఉంది, ఇథనాల్ లోపల చల్లబరుస్తుంది కూడా. కానీ లీటరులో శక్తి ఆరేడు శాతం తక్కువ. అంటే అదే పవర్‌కు పంపు, ఇంజెక్టర్లు ఎక్కువ పెట్రోలు పంపాలి. 2023 ఏప్రిల్‌కు ముందు కార్లలో చాలావాటి రబ్బరు భాగాలు ఇ20 కోసం తయారైనవి కావు. సెకండ్ హ్యాండ్ పెర్ఫార్మెన్స్ కార్లలో ఎక్కువ భాగం ఆ కాలానివే.

మా అక్క కొడుకు ఈమధ్య ఒక స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ 230 కొన్నాడు. 2017లో మన దేశానికి 500 మాత్రమే వచ్చిన కారు అది. "మావయ్యా, స్టేజ్ వన్ రీమ్యాప్‌తోనే 290 హార్స్‌పవర్ దాకా వస్తుందట, కారేమీ విప్పక్కర్లేదట" అన్నాడు. వస్తుంది, ఆ ఇంజిన్‌లో అంత సత్తా ఉంది. "గేర్‌బాక్స్ సంగతి అడిగావా?" అన్నాను. అడగలేదు. ఆ కారులోని ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), డీక్యూ250 రకం, తట్టుకోగలదని కంపెనీ చెప్పిన టార్క్ 350 న్యూటన్ మీటర్లు. కారు షోరూమ్ నుంచి వచ్చేటప్పుడే సరిగ్గా 350 ఇస్తోంది. స్టేజ్ వన్ తర్వాత ఆ అంకె 400 దాటుతుంది. ఆయిల్‌లో తడిసే క్లచ్ కాబట్టి కొంత ఓర్చుకుంటుంది, గేర్‌బాక్స్‌కూ వేరే సాఫ్ట్‌వేర్ వేస్తే ఇంకొంత. కానీ దాని ఆయిల్ 60,000 కిలోమీటర్లకోసారి మార్చాలి. అతని కారు సర్వీసు పుస్తకంలో ఆ మార్పు ఎక్కడా లేదు. చిన్న పోలోల్లో వచ్చే ఏడు గేర్ల డీక్యూ200 పొడి క్లచ్‌కు హద్దు 250 మాత్రమే, వేడికి దాని ఓర్పు ఇంకా తక్కువ. మావాడు ముందు ఆయిల్, ఫిల్టర్ మార్పించాడు. రీమ్యాప్ ఇంకా చేయించలేదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది బ్రేకుల విషయం. వేగం వందనుంచి 140కి పెరిగితే కారులోని గతిశక్తి దాదాపు రెట్టింపవుతుంది. ఆ శక్తంతా బ్రేకు డిస్కుల్లో వేడిగా మారాలి. ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు పాకుతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. అయితే బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరిన డాట్ 4కి ప్రమాణం అడిగే కనీస మరుగు స్థానం 155 డిగ్రీలే. సముద్రం పక్కన, ఏడాదంతా తేమలో ఉండే ఊళ్లో రెండేళ్లకోసారైనా ఆయిల్ మార్చకపోతే, సరిగ్గా అవసరమైన క్షణంలో పైపుల్లో ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. డాట్ 5.1 వేయించుకుంటే కొత్తదిగా 260, తడిసినప్పుడు 180. పవర్ కోసం మార్పించే ఎగ్జాస్ట్ ఖరీదులో ఇదొక చిన్న ముక్క. మంచి ప్యాడ్లు, కొత్త డిస్కులు కలిపినా లెక్క అంతగా మారదు. పూర్తిగా రేసు ప్యాడ్లు మాత్రం వద్దు. వేడెక్కేదాకా అవి సరిగ్గా పట్టవు, రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో అది ప్రమాదం.

టైర్ల మీద వి అక్షరం ఉంటే 240, డబ్ల్యూ ఉంటే 270 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటాయని అర్థం. పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు కూడా చూడాలి. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైన టైరు. బేస్‌మెంట్లో నిలిచిపోయిన కార్ల టైర్లకు గాట్లు బాగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం గట్టిపడి ఉంటుంది. 300 హార్స్‌పవర్‌కు వెళ్లిన కారు ఆరేళ్ల టైర్ల మీద తీరం వెంట సాగే ఈసీఆర్ రోడ్డు ఎక్కుతోందంటే, ఆదివారం పొద్దున అదే రోడ్డు దాటే కోవళం జాలర్ల గురించి, సైకిళ్ల మీద వెళ్లేవాళ్ల గురించి ఆ ఓనరు ఆలోచించలేదనే అర్థం.

చట్టం సంగతి చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు మాట్లాడరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట చెప్పిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతిలేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పీకేసిన ఎగ్జాస్ట్ డౌన్‌పైప్‌ను నేను సమర్థించను. ఊపిరి అందరిదీ. కానీ మెరుగైన బ్రేకు, పెద్ద ఇంటర్‌కూలర్ కూడా అదే అనుమానపు నీడలో ఉండటం సరికాదు. భద్రత పెంచే మార్పు చేసినవాడు కూడా ఇన్సూరెన్స్‌కు చెప్పడానికి భయపడుతున్నాడు. చెప్పకపోతే క్లెయిమ్ పోతుందన్న భయం ఇంకోవైపు.

జర్మనీలో ఇలా లేదు. అక్కడ విడిభాగానికి పరీక్షా పత్రం ఉంటుంది, టీయూవీ వంటి తనిఖీ సంస్థ ఇంజినీరు బిగింపును చూస్తాడు, అవసరమైతే ఆ మార్పు కారు కాగితాల్లోకి ఎక్కుతుంది. మనకూ అలాంటి దారి కావాలి, అది చెన్నైలోనే మొదలుకావచ్చు. ఓరగడంలో కేంద్ర ప్రభుత్వ పెట్టుబడితో కట్టిన గ్లోబల్ ఆటోమోటివ్ రీసెర్చ్ సెంటర్ ఉంది. వాహనాలను పరీక్షించి ధ్రువీకరించడమే దాని పని. అక్కడికి దగ్గర్లోనే, ఇరుంగాట్టుకోటలో, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో తెరిచిన 3.7 కిలోమీటర్ల రేస్ ట్రాక్ ఉంది. ఈ గడ్డ మీద నేర్చుకోవడానికి పెద్ద ఇంజిన్లు అక్కర్లేదని కోయంబత్తూరు రేసర్, రేసు కార్ల తయారీదారు ఎస్. కరివర్ధన్ ఏనాడో చూపించారు. ఆయన ఫార్ములా మారుతి రేసు కారుకు పెట్టింది మారుతి 800 సీసీ ఇంజినే, బరువు తగ్గించి దాంతోనే ఒక తరం రేసర్లను తయారు చేశారు.

రేసు ముందు ప్రతి కారునూ తనిఖీ చేసే పద్ధతి ట్రాక్‌లో ఎప్పటినుంచో ఉంది. బ్రేకులు, టైర్లు, ఆయిల్ లీకులు, సీటు బెల్టులు చూసి పాస్ చేస్తేనే లోపలికి వదులుతారు. మార్చిన రోడ్డు కార్లకూ ఏడాదికోసారి ఇలాంటి తనిఖీ పెట్టి, పొగ, శబ్దం కొలిచి, నెగ్గినదాన్ని ఆర్సీలో నమోదు చేసే అధికారం ఓరగడంలాంటి కేంద్రానికి రవాణా శాఖ ఇవ్వాలి. ఆ రుసుము రీమ్యాప్ ఖర్చంత అయినా సరే, కట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్లలో నేనూ ఉన్నాను.