‘అప్రిహెండ్’ విషయంలో గుమాస్తాల తప్పేమీ లేదు

ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. ‘అప్రిహెండ్’ అనే ఇంగ్లీషు క్రియకు అరెస్టు చేయడమే అసలు అర్థమట. ‘గ్రహించు’ అనేది తర్వాత అతికించినదట. ‘భయపడు’ అనేది మన కోర్టు గుమాస్తాలు పుట్టించిన తప్పట. ఒకే మాటకు పొంతన లేని మూడు అర్థాలుండే గందరగోళం తెలుగులో లేదని చివర్లో ఒక మురిపెం.

మొదటి మాట తలకిందులు. లాటిన్‌లో ‘ప్రెహెండెరె’ అంటే చేత్తో పట్టుకోవడం. ఇంగ్లీషులోకి వచ్చాక ఆ పట్టు ముందు బుద్ధికే దక్కింది. గ్రహించడం అనే అర్థం 14వ శతాబ్దం చివరికే ఉంది. నేరస్థుణ్ణి పట్టుకోవడం 16వ శతాబ్దంలో వచ్చింది. పని నేర్చుకునే ‘అప్రెంటిస్’దీ ఈ మూలమే. ‘ప్రిజన్’ కూడా ఆ ఇంటి పిల్లే!

ఇక గుమాస్తాల సంగతి. చావులోని బాధ దాని ‘అప్రిహెన్షన్’లోనే, అంటే దాన్ని తలచుకుని భయపడటంలోనే, ఎక్కువని షేక్‌స్పియర్ ‘మెజర్ ఫర్ మెజర్’లో ఒక పాత్ర అంటుంది. ఆ నాటకం 1604లో ఆడారు. ఈస్టిండియా కంపెనీకి అప్పటికి నాలుగేళ్లు; మన గుమాస్తా దాని కొలువులో ఇంకా కలమే పట్టలేదు. 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి భారత శిక్షాస్మృతి చూడండి. 224వ సెక్షన్‌లో చట్టబద్ధమైన ‘అప్రిహెన్షన్’ను ప్రతిఘటించడం నేరం: అక్కడ అది అరెస్టు. 102వ సెక్షన్‌లో ఒంటికి ప్రమాదం ఉందన్న సహేతుకమైన ‘అప్రిహెన్షన్’ కలిగినప్పుడే ఆత్మరక్షణ హక్కు మొదలవుతుంది: అక్కడ అది భయం. ఆ చట్టానికి ముసాయిదా రాయించింది మెకాలే. ఆయన ఇంగ్లీషును తప్పుపట్టే ధైర్యం నాకైతే లేదు. ఒక్కటి ఒప్పుకోవాలి: భయపడటం అనే అర్థంలో ఈ క్రియ ఇంగ్లండులో ఇప్పుడు పాతబడింది, మన పిటిషన్లలో మాత్రం నిత్యం కనిపిస్తుంది. పాతబడిన వాడుక తప్పుడు వాడుక అయిపోదు.

తెలుగులో గందరగోళం లేదన్న మాటకు నవ్వొచ్చింది. పోలీసులు దొంగను పట్టుకున్నారు. పిల్లవాడు లెక్కలో కిటుకు పట్టుకున్నాడు. తల్లికి దిగులు పట్టుకుంది. మూడు చోట్లా ఉన్నది ఒకే ‘పట్టుకొను’. మనకది గందరగోళంగా తోచదు, ఇంగ్లీషువాడికీ అంతే. తేడా ఉన్నది మరోచోట. తెలుగులో దిగులే వచ్చి మనిషిని పట్టుకుంటుంది. ఇంగ్లీషులో రాబోయే కీడును మనిషే తలపులో ముందుగా పట్టుకుంటాడు. ముందస్తు బెయిలుకు సంబంధించి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 438వ సెక్షన్ శీర్షికలో ఉన్నది సరిగ్గా అలాంటివాడే: అరెస్టును ‘అప్రిహెండ్’ చేస్తున్న వ్యక్తి. పోలీసులు అతణ్ణి ఇంకా పట్టుకోలేదు.